నెలల బిడ్డ ఉలికిపాటు: వైద్యారోగ్య శాఖామాత్యులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ వైద్య, ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖామాత్యులవారికి, పశ్చిమ గోదావరి జిల్లా తణుకు నివాసినియైన ఒక తల్లి నమస్కరించి వ్రాయు లేఖ.



మాటలు రాని శిశువునకు జబ్బు చేసినప్పుడు వైద్యునితో మాటలాడవలసినది తల్లి. ఆ తల్లికి రోగము పేరు తెలియదు, శరీరశాస్త్రము తెలియదు, తాను కన్నులార చూచినదేదో అది మాత్రమే తెలియును. ఆ చూచినదానికి మన వైద్యవ్యవస్థలో ఎంత విలువ కలదు, ఆ పిమ్మట బిడ్డ రక్తమును, మూత్రమును, వెన్నునీటిని గొని చేసిన పరీక్షలు చెప్పినదానిలో ఎంత భాగము మరల ఆ తల్లికి చేరుచున్నది అను రెండు ప్రశ్నలను తమ ఎదుట నుంచుటకే ఈ లేఖ వ్రాయుచున్నాను. ఇది ఏ వైద్యునిమీదను ఫిర్యాదు కాదు. నా బిడ్డను చూచినవారిలో దయగలవారు పెక్కుమంది. వరండా నిండ రోగులు వేచియుండగా నా మాట ఆసాంతము విన్నవారును గలరు.

మా అమ్మాయి ఐదవ నెలలో నుండగా, నిద్ర లేచిన వెంటనే తల ముందునకు వాల్చి, చేతులు రెండును దండము పెట్టబోవుచున్నట్లు పైకెత్తి, క్షణకాలము బిగుసుకొని, సడలి, మరికొన్ని క్షణములకు మరల అట్లే చేయుచు, ఆ వరుస ముగిసిన పిదప వెక్కి వెక్కి ఏడ్చెడిది. ఇరుగుపొరుగువారు ఉలికిపాటన్నారు. కడుపులో గాలి చేరినదన్నారు. దిష్టి తీయుమన్నారు, వాము నీళ్లు పట్టుమన్నారు. మొదట చూచిన వైద్యుడును కడుపునొప్పియని చుక్కల మందు వ్రాసి యిచ్చెను. బిడ్డకు జ్వరము లేదు, విరేచనములు లేవు, బరువు తగ్గలేదు. చూపించుటకు ఏమియు లేదు, చెప్పుటకు మాత్రము చాల యున్నది.

మా అత్తగారు వేరొక సంగతి కనిపెట్టిరి. బిడ్డ నవ్వినప్పుడు నువ్వుండలు, బోర్లాపడినప్పుడు బొబ్బట్లు, అడుగులు వేసినప్పుడు అరిసెలు పంచిపెట్టు ఆచారము మన తెలుగిండ్లలో నెంత కాలముగా నున్నదో తమకు నేను చెప్పనక్కరలేదు. ఆ వేడుకలను చాదస్తమని కొట్టివేయువారు కలరు గాని, ఏ నెలలో ఏ చేష్ట రావలెనో, వచ్చినది నిలిచియున్నదో లేదో, చదువురాని యింటిలో సైతము మరపునకు రాకుండ గుర్తుంచుకొనుటకు మన పెద్దలు చేసిన ఏర్పాటు అదియని నా దృఢమైన నమ్మకము. నువ్వుండలు తమ చేతులతో కట్టి వీధివీధికి పంపిన మా అత్తగారు ఒకనాటి ఉదయమున బిడ్డను ఒడిలో పెట్టుకొని, "పోయిన నెల నా మొహం చూసి నవ్విన పిల్ల ఇప్పుడు నవ్వట్లేదు. ఇది కడుపునొప్పి కాదమ్మాయ్, పెద్ద డాక్టరుకి చూపిద్దాం పద" అనిరి.

పెద్ద వైద్యుడు సెల్‌ఫోనులో మేము తీసిన వీడియోను రెండు మారులు చూచి, అది ఉలికిపాటు కాదనియు, శిశువులకు మాత్రమే వచ్చు ఒక విధమైన మూర్ఛయనియు, ఇన్‌ఫంటైల్ స్పాజమ్స్ అందురనియు చెప్పిరి. మందు మొదలుపెట్టిన పిమ్మట ఆ కుదుపులు ఆగినవి. అవి ఏల వచ్చినవో తెలియలేదు. దానిని తెలిసికొనుటకు చేయవలసిన పరీక్షలు కొన్ని జరిగినవి, కొన్ని జరుగుచున్నవి, కొన్నింటి ఫలితము రావలసియున్నది.

ఈ రోగమును గూర్చి లోకమునకు మొదట తెలిపినవాడును ఒక తండ్రియే. ఇంగ్లండు దేశమున టన్‌బ్రిడ్జి అను ఊర వైద్యము చేయు డబ్ల్యూ. జె. వెస్ట్ అనునతడు తన కుమారునికి వచ్చుచుండిన ఇట్టి కుదుపులను దినదినము గమనించి, ఎరిగిన చికిత్సలెల్ల చేసి, ఫలము గానక, తోడి వైద్యులలో నెవరికైన తెలిసినచో చెప్పుమని అర్థించుచు 1841లో లాన్సెట్ పత్రికకు లేఖ వ్రాసెను. ఆ లేఖలో ప్రయోగశాల లేదు, యంత్రము లేదు. తల ఎట్లు వాలినది, ఒక్కొక్క వరుస ఎంతసేపు సాగినది అను వర్ణన మాత్రము గలదు. ఆ వర్ణన యెంత నిశితమైనదనగా, నేటికిని ఆ వ్యాధిని ఆయన పేరనే వెస్ట్ సిండ్రోమ్ అని పిలుచుచున్నారు. తండ్రి చూచినది వ్రాయబడినది గనుక శాస్త్రమునకు చేరినది. మా అత్తగారు చూచినది వ్రాయుటకు మన వ్యవస్థలో ఎచ్చటను తావు లేదు.

ఇచ్చట తమ శాఖ పరిధిలోని విషయమును కొంత వివరముగ మనవి చేయవలసియున్నది. ఈ మూర్ఛ సాధారణముగ మొదటి సంవత్సరములోనే, అందును విశేషముగ నాలుగవ నెలకును ఏడవ నెలకును నడుమ బయటపడును. ఈ కాలమున మన శిశువును చూచువారెవరు? ప్రసవమైన పిదప ఆరు వారములలోపల ఆశా కార్యకర్త పలుమారులు ఇంటికి వచ్చును. ఆరవ వారమున, పదవ వారమున, పదునాల్గవ వారమున టీకాలకై బిడ్డను ఎత్తుకొనిపోవుదుము, ఏ.ఎన్.ఎం. చూచును. పదునాల్గవ వారపు టీకా అయిన తరువాత తొమ్మిదవ నెల నిండువరకు ప్రభుత్వ పట్టిక ననుసరించి వేయవలసిన టీకాయే లేదు. 2013లో మొదలిడిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమున వైద్యబృందములు అంగన్‌వాడీలకు సంవత్సరమునకు రెండు పర్యాయములు వచ్చి పిల్లలను పరీక్షించును గాని, అయిదు నెలల బిడ్డ ఆ రెండు రాకల నడుమ పడిపోవుట కష్టము కాదు. మూడవ నెలలోను ఆరవ నెలలోను ఆశా కార్యకర్త మరల ఇంటికి రావలెనను నియమము 2018 నుండి గలదు. ఆ రాకలో ఆమె పాలను గూర్చి, బరువును గూర్చి, చేతుల శుభ్రతను గూర్చి అడుగును. బిడ్డ నిద్ర లేచునప్పుడు వరుసగా ఉలికిపడుచున్నదా, నవ్విన బిడ్డ నవ్వు మానినదా అను రెండు ప్రశ్నలు అడుగుమని ఆమెకు చెప్పినవారు లేరేమో. రోగము వచ్చు కాలమును, ఎవరును చూడని కాలమును ఒక్కటియైనవి. చికిత్స ఎంత త్వరగా మొదలైన మెదడునకంత మేలని వైద్యులందరును ఏకకంఠముగ చెప్పు వ్యాధియే, కడుపునొప్పి పేరిట నెలల తరబడి ఇంటిలోనే యుండిపోవుచున్నది.

ఇక పరీక్షల మాట. బిడ్డను రాత్రి నిద్రపోనీయక మేలుకొలిపి యుంచుమని చెప్పి, తెల్లవారిన పిదప తలనిండ జిగురుతో తీగలంటించి, నిదురలో మెదడు తరంగములను గీయించుటను ఇ.ఇ.జి. అందురు. గదిలో దీపములార్పి ఊదావెలుగులో బిడ్డ చర్మమును అంగుళమంగుళము వెదకుట, ట్యూబరస్ స్క్లీరోసిస్ అను జన్యువ్యాధికి గుర్తులైన తెల్లమచ్చలకొరకు. మత్తు మందిచ్చి ఎం.ఆర్.ఐ. గొట్టములో పరుండబెట్టుట, ప్రసవసమయమున ప్రాణవాయువు తగ్గుటవలనగాని, పుట్టిన మొదటి దినములలో రక్తమున చక్కెర పడిపోవుటవలనగాని మెదడునకు దెబ్బ తగిలినదేమో చూచుటకు. వెన్నులోనుండి నీరు తీయుదుమనగానే మా యింట ముసలివారు "కాళ్లు పడిపోతాయి" అని కన్నీరు పెట్టుకొనిరి. సూది వేయుచోటికి పైననే వెన్నుపాము ముగిసిపోవుననియు, ఆ భయము నిరాధారమనియు ఒక నర్సు వ్రేలితో తన నడుము చూపించి రెండు మాటలలో చెప్పినప్పుడు వారి యేడ్పు ఆగినది. ఆ రెండు మాటలు చెప్పుటకు ఆమెకు పట్టిన కాలము అత్యల్పము. రక్తములోని అమ్మోనియాను కొలుచుటకు తీసిన రక్తమును మంచులో నుంచి వెంటనే ప్రయోగశాలకు చేర్చవలెను. కావున తణుకులో తీసి హైదరాబాదునకు పంపు వీలు లేదు, బిడ్డయే కదలిపోవలెను. జన్యుపరీక్షకు రక్తము పోవును, ఫలితము వారములకు గాని రాదు.

ఈ వివరములన్నియు నేను అడిగి అడిగి తెలిసికొన్నవి. అడుగుటకు నాకు చదువు కలదు, అడుగనిచ్చిన భర్త కలడు. కొల్లేటి లంకలనుండి, ఏజెన్సీ మన్యమునుండి బిడ్డను భుజాన వేసికొని వచ్చిన తల్లి ఏమని అడుగును? ఆమె చేతిలో పెట్టబడునది ఆంగ్లమున ముద్రితమైన కాగితముల కట్ట. అందులో ఏది బాగున్నది, ఏది బాగులేదు, ఏది ఇంకను తేలలేదు అనునది ఆమెకు తెలియదు. "నార్మల్" అను మాట వినినప్పుడు ఆమె బిడ్డకు జబ్బే లేదనుకొనును, మందు మానును. ఆ మాటకు, ఈ పరీక్షలో వెదకిన కారణము కనబడలేదు, మరియొకదానిలో వెదకవలెనని యర్థము. ఈ భేదమును ఎవరో ఒకరు ఆమె భాషలో ఆమెకు చెప్పవలెను. చెప్పుట చికిత్సలో భాగమని నేననుకొనుచున్నాను.

మరియొక ప్రశ్న కలదు. అది ప్రతి వైద్యుడును అడుగక తప్పనిది. "మేనరికమా?" అని. తెలుగునాట మేనమామకును మేనకోడలికిని, మేనత్త మేనమామల బిడ్డలకును పెండ్లిండ్లు నేటికిని విస్తారముగ జరుగుచున్నవి గనుకను, రక్తసంబంధముగల తలిదండ్రుల బిడ్డలకు కొన్ని జన్యువ్యాధులు వచ్చు అవకాశము హెచ్చు గనుకను, ఆ ప్రశ్న న్యాయమైనదే. అయితే అత్తమామల యెదుట, ఆడపడుచుల యెదుట, వరుసలో వేచియున్న పదిమంది యెదుట అడిగినప్పుడు అది ప్రశ్నగా నిలువదు, నేరారోపణమై ఆ తల్లితో ఇంటికి వచ్చును. అవునన్నచో ఇంక పరీక్షలేల, కారణము దొరకినదిగదా యని పెద్దలు తీర్పు చెప్పివేయుదురు. ఆ ప్రశ్నను చాటుగా అడుగుట కేమి వ్యయమగును?

తల్లి చూచినదానిని వినినచో ఏమి ఫలించునో తెలుపు కథ మరియొకటి కలదు. నార్వే దేశమున బోర్గ్నీ ఎగెలాండ్ అను తల్లికి ఇరువురు బిడ్డలు. వారికి బుద్ధి వికసింపలేదు, వారి దేహమునుండి ఒక వింత వాసన వచ్చుచుండెను. ఆమె సంవత్సరముల తరబడి వైద్యునినుండి వైద్యుని వద్దకు తిరిగి ఆ వాసనను గూర్చి అడుగుచునే యుండెను, వినినవారు లేరు. తుదకు 1934లో ఆస్బ్యోర్న్ ఫోలింగ్ అను వైద్యుడు విని, ఆ బిడ్డల మూత్రమున ఫెరిక్ క్లోరైడు కలిపి చూడగా అది ఆకుపచ్చనాయెను. ఫెనైల్ కీటోన్యూరియా అను వ్యాధి అట్లు తెలియవచ్చినది. ఆ యిద్దరికి నాడు చికిత్స లేకపోయెను. తరువాతి తరములవారికి ఆహారనియమమే చికిత్సయైనది. 1960 దశకారంభమున అమెరికాలో రాబర్ట్ గత్రీ శిశువు మడమనుండి కొన్ని రక్తపు చుక్కలను వడపోత కాగితముపై ఆరబెట్టి ఆ వ్యాధిని పసిగట్టు పద్ధతిని కనుగొనెను. నేడు అదే కాగితముమీది అవే చుక్కలతో థైరాయిడ్ లోపమును, బయోటినిడేజ్ లోపమును, మరి యనేక వ్యాధులను పుట్టిన వారములోనే తెలిసికొనుచున్నారు. థైరాయిడ్ లోపము పట్టుబడినచో చనుబాలలో నూరి పట్టవలసినది కొలది వెలగల మాత్ర, పట్టుబడనిచో బుద్ధిమాంద్యము. బయోటినిడేజ్ లోపమువలన శిశువునకు మూర్ఛలు వచ్చును. దానికి మందు ఒక విటమిను. భారత వైద్య పరిశోధనా మండలి హైదరాబాదుతో కలిపి అయిదు నగరములలో లక్షకు పైగా శిశువులను పరీక్షింపజేసినప్పుడు, 1130 మందిలో ఒకరికి పుట్టుకతోనే థైరాయిడ్ లోపమున్నట్లు తేలెను. గోవా 2008లోనే మడమరక్త పరీక్షను మొదలుపెట్టెను. కేరళ ప్రభుత్వ ప్రసవశాలలలో చేయుచున్నది. మన రాష్ట్రమున ప్రతి ప్రసవాలయమునను నియమముగ అది జరుగుట లేదు. ఆ పరీక్ష నా బిడ్డ వ్యాధికారణమును చెప్పియుండెడిదని నేననను. చికిత్సకు లొంగు కొన్ని వ్యాధులు ఆమెకు లేవని మొదటి వారములోనే చెప్పియుండెడిది. ఐదవ నెలలో, మూర్ఛల నడుమ, ఆ జవాబుకొరకు మేము మొదటినుండి వెదకవలసివచ్చినది.

కారణము తెలియని రోగము ముందు తలిదండ్రులు నిలుచుట యెట్టిదో మన ఏలూరు నగరమంతయు ఒక్కసారి యెరిగినది. 2020 డిసెంబరు మొదటి వారాంతమున నిలుచున్నవారు నిలుచున్నట్లే మూర్ఛతో పడిపోయిరి. ఆడుకొనుచున్న పిల్లలు పడిపోయిరి. కొలది దినములలో బాధితులు ఆరువందలు దాటిరి, ఒకరు మరణించిరి. మెదడు స్కానులు తీసిరి, వెన్నునీరు పరీక్షించిరి, కోవిడ్ కాదనిరి. నమూనాలు ఢిల్లీ ఎయిమ్స్‌కును, హైదరాబాదులోని సి.సి.ఎం.బి., ఐ.ఐ.సి.టి., జాతీయ పోషకాహార సంస్థలకును వెళ్లినవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రతినిధులు వచ్చిరి. రక్తమున సీసము, నికెలు ఉన్నవని ఎయిమ్స్ తెలిపెను. నీరన్నారు, గాలియన్నారు, బ్లీచింగ్ పౌడరన్నారు. తుదకు పురుగుమందుల అవశేషములే ప్రధాన కారణము కావచ్చునని నిపుణులు ముఖ్యమంత్రికి నివేదించిరి. అంత త్వరగా అన్ని సంస్థలు కదలుట ప్రశంసార్హము. అది నేను మనస్ఫూర్తిగ చెప్పుచున్నాను. అయినను, బిడ్డ రక్తము నిచ్చిన ఏలూరు కొబ్బరితోట పేటలోని తల్లికి, దక్షిణపువీధిలోని తండ్రికి, నీ బిడ్డ రక్తమున ఇది కనబడినది, దీని ఫలితమిది, ఇక ముందు దీనిని గమనింపుము అని వ్రాసియిచ్చిన కాగితమేది? వారు తమ బిడ్డల పరీక్షాఫలితమును వార్తాపత్రికలలో నగర ఫలితముగ చదువుకొనిరి. సీసము చిన్నపిల్లల మెదడునకు హాని చేయునని వైద్యశాస్త్రము నిశ్చయముగ చెప్పుచుండగా, ఆ కాగితము వారికి న్యాయముగ రావలసినది. కారణము నిశ్చయముగ తేలలేదన్న మాటనైనను సంతకముతో వ్రాసి యిచ్చుట బిడ్డ తలిదండ్రులకు చెల్లింపవలసిన ఋణము.

రక్తమున భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి లోకమునకిచ్చిన యల్లాప్రగడ సుబ్బారావుగారు పుట్టినది మా జిల్లాలోనే యున్న భీమవరమున. ఆ పద్ధతి నేటికిని వైద్యవిద్యార్థుల పాఠములలో గలదు. పరీక్షాశాస్త్రమున కట్టివారినిచ్చిన జిల్లాలో శిశువు రక్తపు అమ్మోనియా కొలుచుటకు పరుగులు పెట్టవలసియుండుట నాకు బాధాకరముగ నున్నది. 2023లో ఏలూరునకు ప్రభుత్వ వైద్యకళాశాల వచ్చినది. తణుకునుండి తాడేపల్లిగూడెము, భీమడోలు మీదుగ బస్సులో పోగల చోటది. నెలల శిశువునకు ఇ.ఇ.జి. తీసి చదువగల ఏర్పాటును, అమ్మోనియా, లాక్టేటు వంటివానిని అప్పటికప్పుడు కొలువగల ప్రయోగశాలను, 2020 నాటి విషబాధ మరల వచ్చినచో నమూనాలను ఢిల్లీకి పంపనక్కరలేని విషపరీక్షావిభాగమును అచ్చట నెలకొల్పుడు. ఉభయ గోదావరి జిల్లాలకును కొల్లేటి ఊళ్లకును అది అందుబాటు.

అంతకన్న ముందు, అల్పవ్యయముతో వెంటనే చేయదగినది ఒకటి గలదు. గర్భిణికి తొలి పరీక్షనాడే ఇచ్చు తల్లీబిడ్డల రక్షణ కార్డు ప్రతి యింటను భద్రముగ నుండును. టీకాల పుటయు, బిడ్డ ఎదుగుదల మెట్ల పుటయు అందు గలవు. దానిలో మరియొక పుట చేర్పింపుడు. ఆ పుటలో ఎడమప్రక్క తల్లి చూచినది ఆశా కార్యకర్త వ్రాయవలెను: ఎప్పటినుండి, ఏ వేళ, ఎట్లు, వచ్చిన చేష్ట యేదైన పోయినదా. కుడిప్రక్క, చేసిన పరీక్ష పేరు, దానితో వెదకినదేమి, దొరికినదేమి, తరువాత ఎప్పుడు ఎవరిని చూడవలెను అనునది వైద్యుడు తెలుగున వ్రాసి సంతకము చేయవలెను. మూడవ నెల, ఆరవ నెల రాకలలో ఆశా కార్యకర్త అడుగవలసిన ప్రశ్నలలో ఉలికిపాటును, మానిన నవ్వును చేర్పింపుడు. అనుమానము కలిగినచో వీడియో తీసి పెద్ద ఆసుపత్రి పిల్లల వైద్యునికి పంపు అధికారము ఆమెకిండు. మడమరక్త పరీక్షను ప్రతి ప్రసవాలయమునకు విధింపుడు.

ఈ కార్డు తదుపరి ముద్రణకు పోవుటకు ముందే ఆ పుటకు ఉత్తరువు ఇయ్యవలసినదిగ తమను ప్రార్థించుచున్నాను.

ఇట్లు,
తణుకునుండి ఒక తల్లి